దయ యెంతవఱకు?

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప బ్రిటిషు సైన్యము తన గుఱ్ఱములను వేలకొలదిగా ఈజిప్టులో విక్రయించెను. 1930లో కైరో చేరిన డొరొతీ బ్రూక్ అను ఆంగ్లవనిత, అవి ముసలివై, కుంటుచు, బరువు బండ్లను లాగలేక లాగుట చూచెను. మరుసటి సంవత్సరము లండను పత్రికకు లేఖ వ్రాసి, విరాళములు ప్రోగుచేసి, క్రమముగా 5,000 గుఱ్ఱములను కొనెను. వానిలో పెక్కింటికి ఆమె యీయగలిగినది కొలదిపాటి మేత, విశ్రాంతి, పిమ్మట బాధలేని మరణము మాత్రమే.

ఇది అహింసయేనా? మన దేశమునను ఈ ప్రశ్న లేచినది. 1928లో సబర్మతీ ఆశ్రమమున, కోలుకొను ఆశలేక విలవిలలాడుచున్న దూడకు గాంధీజీ యిట్టి మరణమునే ఇప్పించి తీవ్రనిందకు గురియయ్యెను. ప్రాణము తీయుటకు సాధకుడు జంకవలసినదే. కాని ఆ జంకు ప్రాణి కొరకా, తన చేతికి పాపమంటకుండుట కొరకా? నోరులేని జీవి యీ భేద మెఱుగదు, నొప్పి నెఱుగును.

బండివారు క్రూరులని తలచుట సులభము. పలువురకు ఆ గుఱ్ఱమే కూడు. బ్రూక్ వారికి వెల చెల్లించియే కొనెను. 1934లో ఆమె నెలకొల్పిన వైద్యశాలలో చికిత్స ఉచితము. బీదవాడు తన గాడిదను తోలుకొని భయపడక లోనికి రాగలిగెను.