సమమైన గడి

అందరకును ఒకే కొలత చోటిచ్చుటయే సమత్వమా? కులవిషయమునను స్త్రీవిద్యావిషయమునను పలుమారు చర్చింపబడిన ఈ ప్రశ్నను మేము అక్షరములయందు పరిశీలింపదలచితిమి.

సంగారెడ్డికి చేరువనున్న కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. కలదు. అట్టి విద్యాలయములలో కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుటకు వాడు ఆంగ్లాక్షరములు సాధారణముగా సమమైన వెడల్పు గలవి. ఇది టైపురైటరునుండి వచ్చిన మర్యాద. అందు ఏ మీట నొక్కినను కాగితము ఒకే దూరము జరుగును. కావున సన్నని 'ఐ'కిని వెడల్పైన 'ఎమ్'కును ఒకటే గడి. 'ఐ' ఆ గడిని నింపుటకు అడ్డుగీతలు దాల్చును; 'ఎమ్' తన మూడు కాళ్లను ముడుచుకొనును.

ఇది అన్యాయమని తోచవచ్చును. కాని ప్రయోజనమును చూడవలెను. గడి క్రింద గడి నిలుచుటచే తప్పిన చోటు వెంటనే కంటబడును. సున్నను 'ఓ' అని పొరబడకుండుటకు సున్నలో చుక్కయో గీతయో ఉంచుదురు; ఏలయన, ఒక్క గుర్తు మారిన పనియంతయు చెడును. పటాన్‌చెరు మందుల కర్మాగారములలో తూనిక ఎవరి కొరకును మారరాదు. అట్లే, తప్పొప్పులు తేల్చవలసిన చోట ఏకరీతి కొలతయే న్యాయము.

ఇక వాలు అక్షరములు. 1501లో వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ వర్జిలు కావ్యములను వానితో ముద్రించెను. వానిని చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో; చేవ్రాతయే వానికి మాతృక. నేడు ప్రోగ్రాములలో యంత్రము పట్టించుకొనని వ్యాఖ్యలను పలువురు వాలుగా చూపుదురు. ఆ వ్యాఖ్య తరువాత వచ్చువానికి, ఇట్లేల చేసితిమో తెలుపు మాట. అక్షరము గడి దాటదు. వాలుమాత్రము ఇది మనుష్యునికై వ్రాసినదని చెప్పును. నియమము తప్పకయే భేదమును గౌరవింపవచ్చును.

అయితే ఆ గడిలో తెలుగును నిలిపి చూడుడు. 'ర' సన్నము, 'ఘ' వెడల్పు. 'స్త్రీ' అన్నచో గుడిదీర్ఘము పైకిని వత్తులు క్రిందికిని పోవును. అన్నిటిని ఒకే కొలతలో ఇరికించిన చదువుట కష్టము. ఇది తెలుగు లోపము కాదు. ఆ గడి వేరొక లిపికై కొలిచి చేసినది. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగునకు స్థానము దొరకెను. కాని స్థానము వేరు, సరిపడు కొలత వేరు.

ఉపాధ్యాయులమగు మాకు ఈ భేదము నిత్యము ఎదురగును. కర్మాగారములలో పనికై వచ్చినవారి పిల్లలు, ఇంట ఒడియాయో హిందీయో మాటలాడువారు, మన బడులలో కూర్చుందురు. ఒకే బల్ల, ఒకే పుస్తకము, ఒకే పరీక్ష యిచ్చి సమత్వము నెరవేర్చితిమనుట ఆత్మవంచన. మార్కులు వేయునపుడు అందరకు ఒకటే గడి యుండవలసినదే. బోధించునపుడు మాత్రము ఏ పిల్లవానికి ఎంత చోటు కావలెనో అంత యిచ్చుటయే ధర్మమని మా నిశ్చయము.