నడుము దగ్గర మొదలుపెట్టు, బిడ్డా

నీకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. వైశాఖంలో పెళ్ళి కూడా ఖాయమైందట. రెండూ సంతోషమే. బోధన్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో దిగి, పదింటికల్లా కౌంటర్ ముందు కూర్చునే మనిషివి ఇక. పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళు, పంట లోను కోసం వచ్చే రైతులు నీ ముఖం కన్నా ముందు నీ వాలకం చూస్తారు. అందుకే బట్టల గురించి నాలుగు మాటలు చెబుతున్నా, విను. మొదటి జీతం రాగానే షోరూముకు పోయి ప్యాంట్లు అరడజను కొనకు. ముందు ఇంట్లో బీరువా తెరువు.

మన దిక్కు పెళ్ళయినా, గృహప్రవేశమైనా బట్టలు పెట్టకుండా పంపరు. ఆర్మూరు దిక్కు మన చుట్టాలు దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో సెలవు మీద వచ్చినప్పుడల్లా ప్యాంటు పీసు, అంగి పీసు ఉన్న డబ్బా చేతిలో పెట్టి పోతారు. మళ్ళీ ఎవరికైనా పెట్టొచ్చులే అని మీ అమ్మ వాటిని అడుగు అరలో దాచి ఉంటుంది. అవి తీసి ఒక్కో పీసును గుప్పిట్లో గట్టిగా నలిపి, పది లెక్కపెట్టి వదులు. ముడత పడి మెల్లగా విడిపోయే బట్ట రోజూ వేసుకోవడానికి పనికొస్తుంది. ముడతే పడకుండా, తళతళ మెరుస్తూ జారిపోయేది పాలిస్టర్ ఎక్కువున్న బట్ట. అది చెమట పీల్చదు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊరు మనది. అటువంటిది పక్కన పెట్టు. కాటన్, లినెన్ పీసులకు ముడత పడితే పోదు, అయినా ఎండాకాలంలో వాటంత హాయి మరోటి లేదు. కాటన్‌ను మాత్రం ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే కుట్టడానికి ఇవ్వు. కుట్టాక ముడుచుకుంటే చేసేదేమీ ఉండదు. 58 అంగుళాల పన్నా బట్టయితే ప్యాంటుకు 1.20 మీటర్లు సరిపోతుంది. నువ్వు పొడుగువాడివి, 1.30 ఉందో లేదో కొలిచి చూడు.

ఇక దర్జీ దగ్గరికి. ఇక్కడే నేను గట్టిగా చెప్పేది: బట్ట ఎంత ఖరీదుదైనా కొలత కుదరకపోతే దండగ. రెండు వందల రూపాయల మీటరు బట్ట ఒంటికి సరిగ్గా కూర్చుంటే, వేలాడే రెండు వేలదాని కన్నా నిన్ను బాగా చూపిస్తుంది. కొలత తప్పేది ఎక్కువగా నడుము దగ్గరే. మీ ఈడు పిల్లలు జీన్స్ అలవాటుతో ప్యాంటును తుంటి మీద కట్టుకుంటారు. ఇస్త్రీ ప్యాంటు అక్కడ నిలవదు. అద్దం ముందు నిలబడి ఒక పక్కకు వంగు. ఒంట్లో ఎక్కడ మడత పడుతుందో అదే నీ నడుము, ఇంచుమించు బొడ్డు దగ్గర. టేపు అక్కడే పెట్టమను. అక్కడి నుంచి కుట్టిన ప్యాంటు బెల్టు లేకపోయినా జారదు. కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, వంగినప్పుడు అంగి బయటికి రాదు. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాగకు, ఊపిరి బిగపట్టకు. జేబులోంచి ఫోను, పర్సు తీసెయ్యి. ఆఫీసుకు వేసుకునే బూట్లే తొడుక్కుని పో, చెప్పులతో పోతే పొడవు తప్పుతుంది.

ట్రయల్ లేకుండా ప్యాంటు ఇంటికి తెచ్చుకోకు. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాక ముందు పక్కజేబులు చూడు. అవి నోరు తెరుచుకుంటే తుంటి దగ్గర బిగువైందని అర్థం. తొడల మొదట్లో అడ్డంగా గీతల్లా లాగితే ఆసనం దగ్గర బట్ట చాలలేదు. వెనక్కి తిరుగు. పిరుదుల కింద బట్ట నిలువునా మడతలు పడి వేలాడితే అక్కడ ఎక్కువైంది, పిన్ను పెట్టి తగ్గించమను. ఇస్త్రీ గీత నడుము నుంచి మోకాలి చిప్ప నడిమధ్యగా దిగి బూటు దాకా వంకర లేకుండా పోవాలి. పక్కకు తిరిగిపోతే కుట్టులో మెలిక ఉన్నట్టు. ఆ తర్వాత కుర్చీలో కూర్చో. గొంతుక్కూర్చుని లే. బండి ఎక్కినట్టు కాలు పైకెత్తు. సిగ్గుపడకు, మంచి దర్జీకి ఇదంతా మామూలే. నిలబడినప్పుడు మాత్రమే బాగుండే ప్యాంటు బ్యాంకు కుర్చీలో రోజంతా కూర్చునేవాడికి శిక్ష.

పొడవు సంగతి. పాంచా బూటు మీద ఒక్క చిన్న మడత పడేలా ఉండాలి, అంతకన్నా ఎక్కువ వద్దు. వెనక మడమ దగ్గర అర అంగుళం కిందికి దించి, ముందుకి ఏటవాలుగా కుట్టమను. పాంచా చుట్టుకొలత పదిహేను, పదహారు అంగుళాలు నీ కాళ్ళకు బాగుంటుంది. పిక్కలకు అతుక్కుపోయే పాంచాలు నాకు నచ్చవు. ఫ్యాషన్ కాదని కాదు, ఆ ప్యాంటు వేసుకుని నువ్వు హాయిగా మెట్లెక్కలేవు. ఇంకో మాట: నడుము వెనక కుట్టులో రెండంగుళాల మార్జిన్, అడుగున మరో రెండంగుళాలు వదలమని దర్జీకి మరీ మరీ చెప్పు. పెళ్ళయిన ఏడాదికే మన ఇళ్ళల్లో మగవాళ్ళకు నడుము పెరుగుతుంది. మార్జిన్ ఉంటే అరగంటలో విప్పి కుడతారు, లేకపోతే ప్యాంటు తమ్ముడి పాలు.

జతల గురించి పెద్దగా చెప్పేది లేదు. బూడిద రంగు, నేవీ బ్లూ, బిస్కట్ రంగు, ఈ మూడు ప్యాంట్ల మీద తెలుపు, లేత నీలం, సన్న గీతల అంగీలు ఏవైనా నడుస్తాయి. డబ్బాలో కలిసి వచ్చాయని ప్యాంటునీ అంగినీ జతగానే వేసుకోవాలని లేదు. బూటు రంగూ బెల్టు రంగూ ఒకటే ఉండనీ.

పెళ్ళి బట్టల దగ్గర మాత్రం నా మాట కాస్త ఎక్కువ విను. వైశాఖపు ఎండలో మూడు ముక్కల సూటు వద్దు. జరీ పూలు కుట్టిన అద్దె షేర్వానీ అంతకన్నా వద్దు. షేర్వానీ మనకు కొత్తేమీ కాదు. ఇంగ్లీషువాళ్ళ ఫ్రాక్ కోటు, మొగలాయీల పొడుగు అంగీ కలిసి 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఉడుపు అది. హైదరాబాదు సంస్థానంలో హిందువూ ముస్లిమూ అని లేకుండా ఉద్యోగస్తులు, వకీళ్ళు, ఉస్మానియా విద్యార్థులు అందరూ తొడుక్కున్నారు. ఆ షేర్వానీల మీద పూలు లేవు, మెరుపుల్లేవు. సాదా బట్ట, ముందు ఒక వరుస గుండీలు, మెడకు సరిగ్గా అమరిన కాలరు. అందమంతా కత్తెరలోనే ఉండేది.

నువ్వు సాదా బంద్‌గలా, అంటే మెడ దాకా గుండీలు పెట్టుకునే కోటు, కుట్టించుకో. క్రీము రంగు లినెన్‌లోనో, పల్చటి ఊలులోనో. ఊలు అనగానే స్వెట్టరు గుర్తుకు తెచ్చుకోకు, పల్చగా నేసినది గాలి ఆడనిస్తుంది. దాన్ని ఆ తర్వాత మీ బావమరిది పెళ్ళికి, బ్యాంకు ఫంక్షన్లకు కూడా వేసుకోవచ్చు. భుజం కుట్టు నీ భుజం ఎముక చివరనే ఆగాలి. కోటులో మిగతావన్నీ సరిచేయొచ్చు కానీ భుజం తప్పితే మళ్ళీ విప్పి కుట్టే ఓపిక ఎవరికీ ఉండదు. కాలరు మూశాక లోపలికి ఒక వేలు దూరాలి. ఛాతీ లోపల జిగురుతో అంటించే కాన్వాస్ కాకుండా కుట్టే కాన్వాస్ వేయమను. అంటించినది నాలుగు డ్రైక్లీనింగులకు బుడగలు లేస్తుంది.

ఇంత పని తెలిసిన దర్జీలు బోధన్‌లో ఇప్పుడు తగ్గిపోయారు. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ షక్కర్‌నగర్ క్వార్టర్ల నుంచి ఆఫీసర్లు, కెమిస్టులు, గుమస్తాలు పండుగకో జత కుట్టించుకునేవారు. చెరుకు బిల్లులు చేతికొచ్చాక ఊళ్ళ నుంచి రైతులు పీసులు పట్టుకుని దిగేవారు. వాళ్ళ ఒళ్ళు కొలిచి కొలిచే ఇక్కడి దర్జీల చెయ్యి తిరిగింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. రెడీమేడ్ వచ్చి సగం గిరాకీ, జీతాలు ఆగి మిగతా సగం పోయాయి. మిగిలిన దర్జీల దగ్గరికి నీలాంటి పిల్లలు పోకపోతే ఆ పనీ పోతుంది. ఇది నాకు నిజంగా బాధ. ఒక దర్జీని పట్టుకుని పదేళ్ళు వదలకు. రెండో ప్యాంటు మొదటిదాని కన్నా బాగా వస్తుంది, మూడోది ఇంకా బాగా. నీ ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుందని ఆయన పుస్తకంలో రాసి ఉంటుంది.

లగ్నాలు మొదలైతే దర్జీలకు తీరిక దొరకదు, కనీసం నెల ముందు బట్ట ఇవ్వాలి. ఈ ఆదివారం పొద్దున పీసులు పట్టుకుని ఇంటికి రా, దర్జీ దగ్గరికి నేనూ వస్తా. ముందు బూడిద రంగు ప్యాంటు ఒక్కటే కుట్టిద్దాం. నెల రోజులు వేసుకున్నాక ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చెప్పు, మిగతావి అప్పుడు ఇద్దాం. బంద్‌గలాకు మాత్రం ఆదివారమే కొలతలు ఇచ్చేద్దువు. బూట్లు మర్చిపోకు.