మాజీ అనే మాట

2018 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. బండకిందిపల్లె అనే ఊళ్లో ఒక రైతు తన పదెకరాల పంటకి దిష్టి తగలకుండా సన్నీ లియోన్ ఫ్లెక్సీలు రెండు కట్టాడు. ఎర్ర బికినీ ఫోటో. పక్కన లారీల వెనక కనిపించే మాట: ‘ఒరేయ్, నన్ను చూసి ఏడవకురా’. రోడ్డు పక్క పొలం కావడంతో వచ్చేపోయేవాళ్ల కళ్లన్నీ పంట మీదే పడుతున్నాయని ఆయన బాధ. ఫ్లెక్సీలు కట్టాక పంట వైపు ఎవరూ చూడటం లేదని సంతోషపడ్డాడు.

మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో ఒక రోజంతా తిరిగింది. నేనూ నవ్వాను, ఇంకో రెండు గ్రూపుల్లో వేశాను. ఆ వారం దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు అదే వార్త టీవీలో వచ్చింది. అమ్మ పత్తి గింజలు ఏరుకుంటూ తలెత్తి చూసింది.

“ఆ పిల్ల ఎవలు బిడ్డా?”

చిన్న ప్రశ్నే. నోట్లో మాట సిద్ధంగా ఉంది కానీ అమ్మ ముందు బయటికి రాలేదు. “ఎవరో సినిమా ఆమె” అని ఛానెల్ మార్చేశాను. అమ్మ ఊరుకోలేదు. “సినిమా ఆమెనైతే చేన్ల దిష్టిబొమ్మ జేస్తరా?” అంది.

మా చేలల్లోనూ దిష్టిబొమ్మ ఉంటుంది. కర్రకి బోర్లించిన నల్ల కుండ, దాని మీద సున్నపు బొట్లు. దిష్టిబొమ్మ పని కాపలా కాదు. వచ్చేపోయేవాళ్ల చూపుని పంట మీద పడనివ్వకుండా తన మీదకి తీసుకోవడం. ఎంత చెడు చూపు పడ్డా కుండకి ఏమీ కాదు, అది కుండ కాబట్టి. ఆ రైతుని చూసి మనం నవ్వుకున్నాం గానీ, మనందరం ఎప్పట్నుంచో చేస్తున్న పనినే ఆయన ఫ్లెక్సీ కొట్టించి బయటపెట్టాడేమో అని నాకు చాలా ఆలస్యంగా అనిపించింది.

ఆ రోజు అమ్మకి చెప్పలేకపోయిన మాట ‘మాజీ పోర్న్ స్టార్’. మన పేపర్లలో ఆమె పేరు ముందు ఇంటిపేరులా ఉంటుంది ఆ మాట. అసలు పేరు కరణ్‌జీత్ కౌర్ వోహ్రా. 1981లో కెనడాలోని సార్నియాలో ఒక పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టింది. కుటుంబంతో అమెరికా వెళ్లింది, పిల్లల నర్సు కావాలని చదువుకుంటూ మధ్యలో పెంట్‌హౌస్ పత్రికకి మోడల్ అయింది. 2003లో ఆ పత్రిక ఇచ్చే ‘పెట్ ఆఫ్ ద ఇయర్’ బిరుదు, తర్వాత వివిడ్ అనే పెద్ద కంపెనీతో కాంట్రాక్టు, ఆ తర్వాత భర్త డేనియల్ వెబర్‌తో కలిసి సొంతంగా సన్‌లస్ట్ పిక్చర్స్. 2011 చివర్లో హిందీ బిగ్‌బాస్, 2012లో ‘జిస్మ్ 2’. తెలుగులో 2014లో ‘కరెంట్ తీగ’, 2017లో ‘గరుడ వేగ’లో పాట, 2022లో ‘జిన్నా’. 2023లో అనురాగ్ కశ్యప్ తీసిన ‘కెన్నెడీ’తో కాన్ ఫెస్టివల్‌కి వెళ్లింది. లెక్క చూస్తే పాత వృత్తిలో ఉన్నంత కాలం ఈ వృత్తిలోనూ ఉంది. అయినా ‘మాజీ’ పోలేదు.

మా నల్లగొండలో మాజీ అనేది గౌరవమైన మాట. మాజీ సర్పంచ్ వస్తే కుర్చీ వేస్తారు. మాజీ ఎమ్మెల్యేని చచ్చేదాకా ఎమ్మెల్యే సాబ్ అనే పిలుస్తారు. ఒకప్పుడు అడవిలో తుపాకీ పట్టిన సీతక్క 2023 డిసెంబర్‌లో మంత్రిగా ప్రమాణం చేస్తుంటే ఎల్బీ స్టేడియం హోరెత్తింది. టీవీ ముందు నేనూ చప్పట్లు కొట్టాను, ఇప్పుడైనా కొడతాను. మనిషి ఒక దారిలో కొంత దూరం నడిచి, ఆగి, ఇంకో దారి పట్టొచ్చని మనం నమ్ముతాం. చంపడం చావడం ఉన్న దారి నుంచి కూడా వెనక్కి రావచ్చంటాం. అలాంటిది శరీరం విషయానికి వచ్చేసరికి ఆ నమ్మకం ఎందుకు చాలదు?

పశ్చాత్తాపపడలేదు కాబట్టి, అనేది మొదటి జవాబు. 2016 జనవరిలో ఒక ఇంగ్లిష్ న్యూస్ ఛానెల్ ఇంటర్వ్యూ గుర్తుందా? ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అటు తిప్పీ ఇటు తిప్పీ అదే అడిగాడు. గతం వెంటాడటం లేదా, వెనక్కి వెళ్లగలిగితే అవన్నీ మళ్లీ చేస్తారా, తమ భర్తల్ని మీరు లాక్కుంటారని గృహిణులు భయపడుతున్నారట కదా. ఆమె గొంతు పెంచలేదు. ఇక్కడిదాకా వచ్చానంటే దానికి నేను వేసిన ప్రతి అడుగూ కారణమే అన్నట్టు మాట్లాడింది. ఆ తర్వాత చాలామంది ఆమె పక్షాన నిలబడ్డారు. కానీ ఆ ప్రశ్నలు ఆయనొక్కడివి కావు. ఏడ్చి ఉంటే బాగుండేదని మనలో చాలామందికి లోపల ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పరిశ్రమ మంచిదని నేను అనను. అందులోకి బలవంతంగా, మోసంతో నెట్టబడినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్ల శరీరం గురించి, ఇష్టం గురించి నా తరం మగపిల్లలు నేర్చుకున్న తప్పుడు పాఠాల్లో చాలా భాగం అక్కడివే. అందులో పనిచేసిన మనిషిగా, కంపెనీ నడిపిన మనిషిగా ఆమెని వీటి గురించి అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఆ ఇంటర్వ్యూలో నాకు కనిపించింది ఆ ప్రశ్న కాదు. మా వైపు బెల్టు షాపు నడిపి మేడ కట్టినవాణ్ణి గృహప్రవేశం రోజు ఎవరూ పశ్చాత్తాపం అడగరు, భోజనం చేసి వస్తారు. ఆమె నుంచి అడిగింది జవాబుదారీతనం అయితే ఆ బెల్టు షాపువాణ్ణీ అడగాలి. అడిగింది కన్నీళ్లు. ఆ కన్నీళ్లు చూస్తే మనం చూసినదానికి మనకి క్షమాపణ దొరికినట్టు ఉంటుంది.

కన్నీళ్లతో కథ ముగిస్తే మనం ఎంత మంచివాళ్లమో సిల్క్ స్మిత విషయంలో చూశాం. ఆమె అలాంటి సినిమాల నటి కాదు, కానీ మనం చూసిన చూపు అదే. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో తన ఇంట్లో చనిపోయి కనిపించింది. అప్పటికి ముప్పై అయిదేళ్లు. 2011 డిసెంబర్ 2న, ఆమె పుట్టినరోజున, ఆమె జీవితాన్ని గుర్తుచేసే ‘డర్టీ పిక్చర్’ విడుదలైంది. జనం హాళ్లలో కళ్లు తుడుచుకున్నారు, విద్యాబాలన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. సరిగ్గా అదే వారాల్లో సన్నీ బిగ్‌బాస్ ఇంట్లో ఉంది, అలాంటి మనిషి మన డ్రాయింగ్ రూముల్లోకి ఎలా వస్తుందని బయట గొడవ. చచ్చిపోయినామె మీద జాలిపడటం తేలిక, ఎదురుగా బతికి బాగుపడుతున్నామెని భరించడమే కష్టం అన్నమాట.

కోరుకుని వెళ్లింది కాబట్టి అనుభవించాలి, అనేది రెండో జవాబు. సరే, కోరుకోనివాళ్ల సంగతి చూద్దాం. ఎక్కడికో పోనక్కర్లేదు, మా ఊరి నుంచి డిండి దాటితే పాలమూరు. మక్తల్, ఊట్కూరు, నారాయణపేట వైపు దళితుల ఇళ్లలో చిన్నపిల్లల్ని దేవత పేరు మీద జోగినిని చేసేవాళ్లు. ఆ పిల్లకి తన పెళ్లి దేవుడితో అయిందని తెలిసేంత వయసు కూడా ఉండదు. పెద్దయ్యాక ఊళ్లో డబ్బూ భూమీ ఉన్నవాళ్లది ఇష్టారాజ్యం. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆచారం ఆగిన ఇళ్లలో కూడా పేరు ఆగలేదు. పిల్లల్ని బడిలో వేయబోతే తండ్రి పేరు అనే గడి దగ్గర ఆగిపోవాల్సి వచ్చేది. ఆ గడిలో ఉండాల్సిన మనుషులు అదే ఊళ్లో పెద్దమనుషులుగా తిరిగేవాళ్లు. జోగిని అనే మాట ఉంది, మాజీ జోగిని అనే మాట ఉంది. ఆ మగవాళ్లకి మాత్రం భాషలో పేరే లేదు, ఇక మాజీ ఎక్కడ తగిలిస్తాం?

కెనడా నుంచి వచ్చి కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన ఆమెనీ, ఏడేళ్లకి మెడలో దండ పడ్డ పాలమూరు పిల్లనీ ఒకే గాటన కట్టడం లేదు. వాళ్లిద్దరి బతుకులకి ఏ పోలికా లేదు. కోరుకున్నా కోరుకోకపోయినా ముద్ర మాత్రం ఒకే వైపు పడుతోందని చెబుతున్నాను. అంటే మనం చూసేది ఆమె కోరికని కాదన్నమాట.

ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసి వారం రోజులు వదిలేశాను. ఎవరినో వేలెత్తి చూపిస్తూ బాగానే రాస్తున్నాను గానీ నా సంగతి ఏంటి?

ఇంజినీరింగ్ రెండో ఏడు. హాస్టల్లో అప్పుడప్పుడే కెమెరా ఉన్న నోకియా ఫోన్లు వస్తున్నాయి. ఒక రాత్రి బ్లూటూత్‌లో ఒక క్లిప్ వచ్చింది. మా జూనియర్ అమ్మాయి. నమ్మినవాడే తీశాడని, తర్వాత వాడే బయట పెట్టాడని అన్నారు. నేను చూశాను. పక్క రూమువాడు అడిగితే పంపాను కూడా. పంపడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఎవరూ ఎవరితోనూ అనలేదు. పరీక్షలు వచ్చాయి, రాశాం, పాసయ్యాం.

అదే హాస్టల్లో, అవే హార్డ్ డిస్కుల్లో సన్నీ లియోన్ సినిమాలూ ఉండేవి. ఒకరు ఒప్పుకుని, డబ్బు తీసుకుని కెమెరా ముందుకి వచ్చిన మనిషి. ఇంకొకరు ఏ మాత్రం ఒప్పుకోని, బహుశా చూసి గుండె పగిలిన పిల్ల. ఈ రెంటి మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. మా చూపుకి ఆ తేడా తెలియలేదు. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. ఆ రాత్రి నేను చేసిన తప్పు నాకు ఇప్పటికీ ఆ ఫోల్డర్ రూపంలోనే గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో లీడ్ ఇంజినీర్‌ని. నా లింక్డిన్ పేజీలో పదిహేనేళ్ల ఉద్యోగ చరిత్ర ఉంది, ఆ రాత్రి సంగతి లేదు. పెళ్లి చూపుల్లో ఎవరూ నన్ను దాని గురించి అడగలేదు. గతం వెంటాడటం లేదా అని ఏ ఛానెలూ పిలవలేదు. డేటాబేసుల్లో ఏదీ నిజంగా డిలీట్ కాదని మా జూనియర్లకి చెబుతుంటాను. అది ఆ అమ్మాయి విషయంలో నిజం, సన్నీ లియోన్ విషయంలో నిజం. నా విషయంలో మాత్రం అంతా ఎప్పుడో డిలీట్ అయిపోయింది, నేను అడగకుండానే.

2017 ఆగస్టులో కొచ్చిలో ఒక మొబైల్ షాపు ప్రారంభానికి ఆమె వస్తే రోడ్డు కనబడనంత జనం. అదే ఏడు డిసెంబర్‌లో బెంగళూరులో ఆమె కొత్త సంవత్సరం కార్యక్రమం సంస్కృతి చెడుతుందన్న ఆందోళనలతో ఆగిపోయింది. చూడటానికి ఎగబడేదీ చూడకూడదని అడ్డుపడేదీ వేరువేరు మనుషులని నేను అనుకోను. ఒకే మనిషి పగలు ఇటు, రాత్రి అటు. ఆ మనిషిని నేను దగ్గరగా ఎరుగుదును.

అందుకని నేను చేయగలిగిన చిన్న పని ఒకటే కనిపిస్తోంది. ఆ మాట వాడటం మానేయడం. ఆమె గతం దాచాలని కాదు, ఆమే దాచలేదు. అవసరమైన చోట చెప్పుకుందాం. కానీ పేరు ముందు తగిలించే మాటగా వాడాలంటే, వరసలో నా పేరు ముందు కూడా ఒక మాట రాసుకోవాలి. అది రాసుకునే ధైర్యం వచ్చేదాకా ఆమెని నటి అంటే సరిపోతుంది.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మకి ఆ పాత ప్రశ్న గుర్తు చేశాను. ఆమెకి అస్సలు గుర్తులేదు. ఆమె ఎవరో, అంతకు ముందు ఏం చేసేదో, ఇప్పుడేం చేస్తోందో తెలిసినంత మేర చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. “మరి గవి జూసినోళ్లు ఎవలు?” అంది.

ఈసారి మార్చడానికి టీవీ కూడా పెట్టి లేదు.