ఖైరాతా, హక్కా?

రంజాన్ చివరి పది రోజులు వచ్చాయంటే మా ఇళ్ళల్లో లెక్కలు మొదలవుతాయి. బంగారమెంత, బ్యాంకులో ఉన్నదెంత, అప్పులెన్ని. ఏడాది పాటు మా దగ్గర నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర తీసి జకాత్ ఇవ్వాలి. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలి. ఇది ఖైరాత్ కాదు, పేదల హక్కు అని చిన్నప్పుడే మౌల్వీ సాబ్ దగ్గర నేర్చుకున్నాం. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నదీ అక్కడే నేర్చుకున్నాం.

మరి అది హక్కే అయితే, తీసుకునే మనిషి మా గుమ్మం ముందు తల వంచుకుని ఎందుకు నిలబడుతోంది? పోయినేడు వచ్చిన ఆమే ఈ ఏడూ ఎందుకు వస్తోంది?

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే మా ఆడవాళ్ళ సంగతే తీసుకుందాం. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి బీడీలు చేయాలంటే పొద్దున కూర్చున్న నడుం పొద్దుగూకితే గాని లేవదు. తీసుకెళ్ళి అప్పజెప్తే టేకేదారు బాగాలేవని కొన్ని పక్కన పడేస్తాడు. వాటికి కూలీ రాదు, ఆ బీడీలూ తిరిగి రావు. ఆ టేకేదారే రంజాన్‌లో పైసా తప్పకుండా జకాత్ లెక్క తీస్తాడు. పక్కన పడేసిన బీడీల లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

బీడీ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ప్రావిడెంట్ ఫండు 1977 నుంచి వర్తించింది. కాని కాగితం మీద పేరు లేనివాళ్ళకు చట్టమున్నా లేనట్టే. ఫిత్రా ఇవ్వబోతే ఒక ఆపా మాతో అన్నది: "వద్దనను భాయ్, పిల్లలున్నారు. కాని నేను ఇంకొకరి పేరు మీద చుడుతున్నా. నా పేరు మీద కార్డు కావాలి. నాకు ఉర్దూ తప్ప రాదు. మీకు రెండు జబాన్లూ వచ్చు గదా, తెలుగులో ఒక దరఖాస్తు రాసిపెట్టండి."

మేము "ఈద్ కానీయండి ఆపా" అన్నాం. టేకేదారు మనవాడే. మసీదుకు ఫ్యాన్లు ఇచ్చినవాడు. ఖౌమ్ పరువు బజారున పడుతుందేమోనని వెనకాడాం. హక్కుల గురించి పత్రికల్లో రాస్తూనే ఉన్నాం. ఆ ఒక్క దరఖాస్తు మాత్రం రాయలేదు. మరుసటేడు ఆమె ఫిత్రా తీసుకుని, సలాం చేసి వెళ్ళిపోయింది. దరఖాస్తు మాటెత్తలేదు. మాకు సిగ్గేసింది అప్పుడే.

జకాత్ పొందదగినవాళ్ళని ఖురాన్ చెప్పిన ఎనిమిది కోవల్లో ఆకలిగొన్నవాళ్ళు మాత్రమే లేరు. అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళున్నారు, బానిసత్వం నుంచి విడిపించవలసినవాళ్ళున్నారు. అంటే కడుపు నింపడంతో మా బాధ్యత తీరదు, మెడమీది కాడి కూడా దించాలి. చీర పంచితే కాడి దిగదు.

గుప్తదానం చెప్పింది తీసుకునేవాళ్ళ ఇజ్జత్ కాపాడటానికి. మేమేమో ఆ చాటును మా పిరికితనానికి పరదాగా వాడుకున్నాం. డబ్బు ఇచ్చేటప్పుడు చాటుగా ఇవ్వాలి, పక్కన నిలబడేటప్పుడు బాహాటంగా నిలబడాలి. మేము దీన్ని తిరగేశాం. పంచేటప్పుడు పదిమందిని పిలుస్తున్నాం, నిలబడాల్సినప్పుడు తలుపేసుకుంటున్నాం. అల్లర్లయినప్పుడు రొట్టెలతో, కన్నీళ్ళతో మా బస్తీలకొచ్చే సెక్యులర్ మిత్రులకూ ఇదే మనవి. కర్ఫ్యూ ఎత్తేశాక కూడా మాకు కూలి బాకీలు, కాగితాల గొడవలు ఉంటాయి. అప్పుడు కూడా రండి.

చివరికి దరఖాస్తు రాశాం. ఆపా పక్కన కూర్చుని బీడీలు చుట్టే పద్మశాలి అక్కకూ రాశాం. ఇద్దరి బీడీలూ ఒకే గంపలోకి పోతాయి, ఇద్దరి కూలీ ఒకే చేయి కోస్తుంది. ఇందులో మన ఖౌమ్, పరాయి ఖౌమ్ ఏముంది? టేకేదారు మా సలాంకు జవాబివ్వడం మానేశాడు. అంతకుమించి మాకు పోయిందేమీ లేదు. ఆ కాస్త నష్టానికి భయపడే కదా ఏడాది పాటు ఒక మనిషి హక్కును ఫిత్రా కింద జమ కట్టాం!

ఈసారి రంజాన్‌కు కూడా లెక్క తీస్తాం. నూటికి రెండున్నర తీశాక ఇంకొక్కటి అడుగుదాం: మిగిలిన తొంభై ఏడున్నరలో ఎవరి కూలి ఉంది?