చెరువు తెగితే దేవుడి పనేనా?

కోర్టుల్లో 'యాక్ట్ ఆఫ్ గాడ్' అన్న మాటకు భక్తితో పనిలేదు. మనిషి ప్రమేయం లేకుండా, ఎంత జాగ్రత్తపడినా ఆపలేని విధంగా ప్రకృతి విరుచుకుపడిందని దాని అర్థం.

చిత్తూరు సీమలోని కార్వేటినగరం జమీందారు చెరువులు పెద్ద వానకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ ఆస్తిని ధ్వంసం చేశాయి. కంపెనీ పరిహారం కోరింది. వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1874లో జమీందారే గెలిచాడు. తరతరాలుగా ఊళ్లకు నీరిచ్చే చెరువులను కాపాడటం ఆయన విధి, నిర్లక్ష్యం రుజువైతే తప్ప ఆయన్ను బాధ్యుణ్ని చేయలేమన్నారు న్యాయమూర్తులు. ఎంత న్యాయమైన ఆలోచన! వాన ఎంత కురిసిందన్నదాని కంటే గట్టును ఎలా చూసుకున్నారన్నదే ముఖ్యమైంది.

దైవం మాటకొస్తే, భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: ఆశ్రయం, కర్త, సాధనాలు, చేష్టలు, చివరగా దైవం. దైవాన్ని కాదనలేదు, కానీ మనిషిని తప్పించనూ లేదు.

ఇదే ప్రశ్న చెన్నైలోనూ ఎదురైంది. 2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం జలాశయం నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అడయారు నది పొంగి నగరం మునిగింది. దైవమే కారణమని సరిపెట్టుకుంటే ఆ వరదలో చనిపోయినవారికి అన్యాయం చేసినట్టే. 2018లో కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక ఆ వరదను మానవ తప్పిదం తెచ్చిన విపత్తని తేల్చింది.