చక్రముల మీది ఇల్లు

చదువవలసిన భాగములు: ఆదికాండము 4, 13, 14, 18, 23 అధ్యాయములు



తిరుగుట మానిన పాత బస్సును కొని, లోపలి సీట్లు ఊడదీసి, మంచము, పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చుకొని, దానినే ఇల్లుగా చేసికొని కాపురముండు మనుష్యులు లోకములో ఉన్నారు. అమెరికాలో పాత బడి బస్సులను ఈ విధముగా మార్చుకొనువారు అనేకులు. మన పడుచువారు సెల్‌ఫోనులో ఆ బొమ్మలు చూచి, ఇంటికి ఇన్ని లక్షలు పోయుట ఎందుకు, ఒక బస్సు చాలదా అని అడుగుచున్నారు. పెద్దలు నవ్వి, ఇల్లు వాకిలి లేనివానికి ఊరేది, పేరేది అనుచున్నారు. ఈ రెండు మాటలలో ఏది సరియైనదో నిదానముగా ఆలోచింతము.

బస్సు మనకు కొత్తది కాదు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో హైదరాబాదు రాజ్యమున ప్రజలకు బస్సు ప్రయాణమును ఆరంభించిరి. ఆనాటి నుండి ఎన్ని బస్సులు మన రోడ్ల మీద తిరిగి అరిగిపోయెనో లెక్క లేదు. అరిగిన బస్సును తుక్కు చేయక మరియొక పనికి వాడుటయు మనము చూచినదే. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కొన్ని బస్సులను పరీక్షలు చేయు సంజీవని బండ్లుగా మార్చెను. అదే సంవత్సరము కేరళ ఆర్టీసీ మున్నారు కొండలలో పాత బస్సులలో పడకలు వేసి, యాత్రికులకు తక్కువ వెలకు రాత్రి బసగా ఇచ్చెను. రైలు కట్ట మీద పని చేయు కూలీల కొరకు పాత రైలు పెట్టెలనే నివాసములుగా చేసి స్టేషనులలో నిలుపుట కేసముద్రము వంటి రైలు ఊరివారికి వింత కాదు.

ఇంకను వెనుకకు పోయిన యెడల, కదలెడి కాపురమే మన ప్రాంతమున పాతది. మన చుట్టునున్న తండాల లంబాడీల పూర్వికులు ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును మోసికొని, పిల్లాపాపలతో దేశమంతయు తిరిగిరి. రైలు వచ్చి, రోడ్లు పడి, ఎద్దుల మోతకు పని లేకపోగా వారు క్రమముగా తండాలలో నిలిచిరి. మహబూబాబాదు దాటిన తరువాత వచ్చు డోర్నకలునకు 1909లో వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు తిరునెల్వేలి నుండి వచ్చినప్పుడు, ఆయన కుటుంబము మొదట గుడారములోనే కాపురముండెను. 1912లో ఆయన బిషప్పుగా అభిషేకము పొందిరి. డోర్నకలులోని రాతి దేవాలయము ప్రతిష్ఠింపబడినది 1939లో. గుడారము మొదట, రాతి గోడ ముప్పది ఏండ్లకు. అంతకాలము ఆ గుడారపు పని ఇల్లు లేని పని అని ఎవరనగలరు?

కాబట్టి కదలుచున్నది గనుక అది ఇల్లు కాదనుట సరి కాదు. అయితే ఏది ఇల్లగును?

బస్సును ఇల్లుగా మార్చువాడు నేర్చుకొను సంగతులను చూడుడి. పెద్ద బస్సు లోపల సుమారు ముప్పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల కంటె తక్కువ వెడల్పు ఉండును. మన ఇండ్లలో వసారా అంత. అందులో ఏది పెట్టవలెనన్నను మరి ఏది తీసివేయవలెనో ముందు నిర్ణయించుకొనవలెను. పెండ్లికి వచ్చిన ఇత్తడి బిందెలు పదునాలుగు ఉన్నను రెండే పట్టును. నేల రేకు తుప్పు పట్టినదేమో, పైకప్పు కారునేమో చూచుకొనవలెను. రేకు కప్పు మే నెల ఎండకు పెనము వలె కాలును గనుక, కప్పునకు లోపల మందమైన దిండు పరచి, మీద తెల్ల సున్నము వేసి, వీలైన చోట చెట్టు నీడన నిలుపుకొనవలెను. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండినచో నీటి బరువే రెండు వందల కిలోలు. దానిని ఒక ప్రక్కన పెట్టిన బండి ఒరుగును. వంట గ్యాసు గాలి కంటె బరువైనది. కారినయెడల నేలను అంటి నిలుచును గనుక క్రింది భాగమున గాలి పోవు సందు ఉంచని వాడు తన ప్రాణమునకు తానే ఉరి వేసికొన్నట్లే. ఒకే చోట చాలకాలము నిలిపినయెడల జాకీలెత్తి, ఇరుసుల క్రింద మొద్దులు పెట్టి, టైర్ల మీద భారము తీసివేయవలెను.

ఈ పని మంచి గురువు. మనకు కావలసినది ఎంత కొంచెమో అది చూపును. అప్పు చేసి మూడంతస్తులు లేపి, పైగదులు ఎలుకలకు విడిచి, వడ్డీ కట్టుటకు కొడుకును దూరదేశము పంపిన ఇండ్లు మన ఊళ్లలో లేవా? యిర్మీయా కాలమున రేకాబీయులు తమ పితరుని మాట చొప్పున ఇండ్లు కట్టక గుడారములలోనే నివసించిరి. ప్రవక్త వారిని యూదావారి ఎదుట మాదిరిగా నిలిపెను. ఇశ్రాయేలీయులు పంటలు ఇంటికి చేరిన పిమ్మట ఏటేట ఏడు దినములు పర్ణశాలలలో ఉండవలెనని ధర్మశాస్త్రము విధించెను. గాదె నిండిన వేళనే గుడిసెలోనికి పొమ్మనుట! నిండిన గాదెను చూచి మనిషి తన మూలమును మరచునని ఆ విధిని ఇచ్చినవానికి తెలియును.

అయితే అదే పని మరియొక సంగతిని కూడ చూపును. ముప్పది అడుగుల ఇల్లు నిలుచుటకు నలువది అడుగుల నేల కావలెను. ఆ నేల ఎవరిది? డ్రమ్ములోని నీరు ఎవరి బావిది? స్నానము చేసిన నీరు, దొడ్డి మురుగు ఎవరి వాకిట పారును? చక్రములున్నవి గనుక నాకు ఇరుగుపొరుగు లేరని చెప్పువాడు తన మురుగును తెలియని వారి గుమ్మములో విడిచి పోవుచున్నాడు. చట్టము కూడ ఉన్నది. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము బండిని ఇష్టము వచ్చినట్లు మార్చి రోడ్డు మీద నడుపరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి, పదిహేనేండ్లు నిండిన ప్రభుత్వ వాహనములకును ఆర్టీసీ బస్సులకును రిజిస్ట్రేషను చెల్లదు. అవి తుక్కునకే పోవలెను. కాబట్టి ఏ బస్సును కొనదలచినను ముందు కాగితములు చూచుకొనవలెను. చక్రముల మీద నున్నవాడును ఎవరికో ఒకరికి జవాబుదారియే.

ఇప్పుడు ఒక సంగతిని ఊహింతము. కేసముద్రము దగ్గర ఒక ఊరిలో అన్నదమ్ములు ఇద్దరు. తండ్రి కట్టిన పెంకుటిల్లు ఒకటి. నడుమ గోడ ఎక్కడ పెట్టవలెనని ఇద్దరికి తగవు. మూరెడు నేల కొరకు మూడేండ్లు మాటలు లేవు. తమ్ముడు డ్రైవరు పని చేసి విశ్రాంతి పొందినవాడు. పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. అతడు, ఈ గోడ నాకెందుకు, ప్రైవేటు బడివారు అమ్ముచున్న పాత బస్సును కొందును, నేనును నా భార్యయు అందులోనే ఉండి, వాన కాలము ఒక చోట, ఎండ కాలము ఒక చోట తిరుగుదుము, అన్న ముఖము చూడ పని లేదు అనుచున్నాడు. అతనికి మనమేమి చెప్పవలెను?

పరిశుద్ధ గ్రంథములో ఇద్దరు సంచారులు మనకు ఎదురగుదురు. మొదటివాడు కయీను. తమ్ముని గూర్చి దేవుడు అడిగినప్పుడు, ఆ బాధ్యత తనది కాదన్నట్లు మాటాడెను. ఆ పిమ్మట అతడు దేశదిమ్మరి ఆయెను. అతడు నేల మీద తిరిగినది దూరదేశములు చూచుటకు కాదు. జవాబు చెప్పని ప్రశ్న వెంట వచ్చుచుండగా తిరిగెను. రెండవవాడు అబ్రాహాము. అతడును తిరిగెను, గుడారములోనే వృద్ధుడాయెను. కాని పిలుపు విని బయలుదేరెను. మమ్రే దగ్గర ఎండవేళ గుడారపు ద్వారమున కూర్చుండి, తెలియని ముగ్గురిని చూచి ఎదురు పరుగెత్తి, కాళ్లకు నీళ్లిచ్చి, రొట్టెలు చేయించి, దూడను కోయించెను. ఇద్దరికిని స్థిరమైన ఇల్లు లేదు. ఒకడు తన తమ్ముని లెక్క అడుగువానికి దూరముగా పోయెను. మరియొకడు ఎవరైన వచ్చెదరా అని ద్వారమున కూర్చుండెను.

తమ్ముడు ఇక్కడ ఒక మాట అనవచ్చును: అబ్రాహాము కూడ లోతుతో తగవు వచ్చి విడిపోయెను గదా! నిజమే. పశువుల కాపరులు కొట్లాడగా, ఇద్దరికి ఆ మేత చాలకపోగా వారు వేరైరి. గుడారములున్నంత మాత్రమున భూమి తగవు తప్పలేదని ఇందుచేత తెలియుచున్నది. వేరు పడుటయే పాపమని ఆ కథ చెప్పదు. ఒకే కప్పు క్రింద దినదినము ఒకరినొకరు శపించుకొనుట కంటె వేరు కుంపటి మేలు. కాని అబ్రాహాము ఎట్లు వేరైనాడో చూడుము. పెద్దవాడయ్యును, కోరుకొనుమని ముందుగా చిన్నవానికి అవకాశమిచ్చెను. లోతు నీళ్లు పారు మంచి మైదానమును ఎన్నుకొనగా తాను మిగిలినది తీసికొనెను. తరువాత రాజులు వచ్చి లోతును చెరపట్టిరని కబురు వచ్చినప్పుడు, మంచి నేల ఏరుకొన్నవాడు అనుభవించనిమ్ము అని గుడారములో కూర్చుండలేదు. తన ఇంట పుట్టిన 318 మందిని వెంట తీసికొని, రాత్రివేళ పోరాడి విడిపించి తెచ్చెను.

కావున ఆ తమ్మునికి మనము చెప్పవలసినది ఇది: బస్సు కొనుము, తప్పు లేదు. కాని గోడ తగవును అట్లే విడిచి తాళము తిప్పకుము. పెద్దలను కూర్చుండబెట్టి, వీలైనచో మూరెడు నేల అన్నకే విడిచి, కాగితము వ్రాసి, అన్నతో కలిసి ఒక పూట అన్నము తిని బయలుదేరుము. ఎక్కడ నిలిచినను అన్నకు తెలియనిమ్ము. అన్న మంచము పట్టినాడని కబురు వచ్చిన రాత్రి నీ బస్సు ఏ దిక్కునకు తిరుగునో, దానిని బట్టియే నీ ఇల్లు ఎట్టిదో తెలియును.

నిలిచి యున్న అన్నకు చెప్పవలసినదియు కలదు. కయీను చివరి వరకు తిరుగుచునే ఉండలేదు. తరువాత ఒక పట్టణము కట్టెను. పట్టణము కట్టినంత మాత్రమున పాత ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాలేదు. రాతి గోడలు, ఇనుప గేటు, లోపల గొళ్లెము పెట్టుకొని, తమ్ముని కబురు వచ్చినను వినబడనట్లుండువాడు ఊరు కదలకయే దేశదిమ్మరి.

ఇంకొక సంగతి మరువరాదు. బస్సులో ఉండుట కొందరికి ముచ్చట, కొందరికి గతి లేక. 2008లో అమెరికాలో అప్పుల వలన లక్షలాది కుటుంబములు ఇండ్లు పోగొట్టుకొనెను. వయసు మళ్లిన కొందరు అక్కడ బండ్లలోనే నివసించుచు, కాలము చొప్పున దొరికిన కూలికి ఊరూరు తిరుగుటను జెస్సికా బ్రూడర్ అను పాత్రికేయురాలు 2017లో నోమాడ్‌లాండ్ అను గ్రంథములో వివరించెను. మన ఊరి చివర గుడ్డ డేరాలు వేసికొను సంచార కులములవారికి ఎన్నుకొను స్వేచ్ఛ ఎప్పుడు కలిగెను? తెల్లదొరల ప్రభుత్వము 1871లో చేసిన చట్టము ఇట్టి అనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచెను. ఆ చట్టము 1952లో రద్దాయెను. మన కనులలోని అనుమానము రద్దాయెనా? బొమ్మలోని అందమైన బస్సును మెచ్చుకొని, చెరువుగట్టు మీది చిరిగిన డేరాను చూచి కుక్కను ఉసిగొల్పినయెడల, మన మెప్పు వట్టిది.

నిలిచినవారును కదలువారును ఒకరికొకరు కావలెను. 2024 సెప్టెంబరు మొదటి దినమున కురిసిన పెద్ద వానలకు కేసముద్రము, ఇంటికన్నె నడుమ రైలు కట్ట క్రింది కంకర కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోగా ప్రయాణికులను బస్సులలో తరలించిరి. అట్టి వేళ బాటసారికి కావలసినదేమి? పొయ్యి వెలిగియున్న ఒక ఇల్లు, తలుపు తీయు ఒక మనిషి. ఇంటివారికి కావలసినదేమి? మందును, బియ్యమును, కబురును మోసికొని వచ్చు చక్రము. నేడు నిలిచినవాడు రేపు బాటసారి కావచ్చును.

అబ్రాహాము తన జీవితమంతటిలో కొన్న నేల ఒక్కటే: భార్యను పాతిపెట్టుటకు మక్పేలా గుహ. హిత్తీయుడైన ఎఫ్రోను ఊరికే ఇచ్చెదనన్నను ఒప్పుకొనక, ఊరివారి ఎదుట నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చెను. తిరుగు మనిషి ఆ ఊరిలో ఎవరికిని బాకీ మిగుల్చుకొనలేదు.

ఈ నెలలో మనలో ప్రతివాడును, ఇల్లు రాతిదైనను రేకుదైనను, రాత్రి తలుపు వేయకముందు ఈ రెండు సంగతులు తన్ను తాను అడిగికొనునుగాక: నాకును నా తోడబుట్టినవానికిని నడుమ తీరని లెక్క ఏమున్నది? ఈ రాత్రి ఎవరైన వచ్చి తట్టినయెడల నా ఇంట త్రాగుటకు నీళ్లున్నవా? మొదటి దానికి జవాబు దొరికినవాడు తెల్లవారగానే అన్న ఇంటికో తమ్ముని ఇంటికో నడచి పోవలెను. అంత దూరమునకు బస్సు అవసరము లేదు.