పిల్లల చిల్లర, పిల్లల ఆరోగ్యం

1950లో ఫిలడెల్ఫియాలో ప్రెస్బిటేరియన్ పాస్టర్ క్లైడ్ ఆలిసన్, ఆయన భార్య మేరీ ఎమ్మా కలిసి, హాలోవీన్ పండుగ నాడు ఇల్లిల్లూ తిరిగే పిల్లల చేత ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ కోసం నాణేలు సేకరింపజేశారు. తొలిసారి పోగైంది 17 డాలర్లే. ఆ తర్వాత ఆ అలవాటు అమెరికా అంతటా పాకి, మొత్తం కోట్ల డాలర్లకు చేరింది.

పిల్లల చిల్లరంత చిన్న మొత్తంతో ఏమవుతుందని అడిగేవారికి కెన్యా బడులు జవాబు చెబుతాయి. 1998లో బుసియా జిల్లాలో 75 బడుల్లో విడతలవారీగా నులిపురుగుల మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. మందు అందిన బడుల్లో గైర్హాజరు దాదాపు నాలుగోవంతు తగ్గిందని ఆర్థికవేత్తలు మిగెల్, క్రెమర్ 2004లో ప్రకటించారు. ఆ లెక్కల మీద తర్వాత గట్టి వాదనలే జరిగాయి. కానీ ఆ మాత్ర చౌకైనదనీ, పురుగుల్ని చంపుతుందనీ ఎవరూ కాదనలేదు. మన దేశపు బడుల్లోనూ 2015 నుంచి ఏటా ఆ మాత్రలు పంచుతున్నారు.

సొంత వీధిని వదిలి దూరదేశానికి సాయమెందుకని కొందరంటారు. దూరానికి చాచిన చెయ్యి పక్కింటి వారిని మరచిపోనక్కరలేదు. ఇచ్చే పిల్లల్లో జాలి, దాంతో పాటు గొప్పతనపు భావం పెరుగుతాయన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే డబ్బుతో పాటు కారణాలూ చెప్పాలి: మరుగుదొడ్డి, చెప్పులు, శుభ్రమైన నీరు లేకపోవడమే నులిపురుగుల జబ్బుకు మూలం, ఆ పిల్లల తప్పేమీ లేదు. ఇది తెలిసి ఇచ్చిన రూపాయి దానం కాదు, సాటి పిల్లల హక్కుకు అండ.